నాలుకకు పియర్సింగ్: వాయిస్ ప్రాసెస్‌లో పని, ఇంట్లో కారం కూరలు. చేయించుకున్నవాళ్లు చెప్పండి

మలక్‌పేట్_పిల్ల:

నమస్తే అందరికీ. నాకు 23 ఏళ్లు. రాయదుర్గం వైపు ఒక ఆఫీసులో వాయిస్ ప్రాసెస్‌లో చేస్తున్నాను. నాలుకకు పియర్సింగ్ చేయించుకోవాలని ఇంటర్ రోజుల నుంచీ ఆశ. ముక్కు చిన్నప్పుడే అమ్మమ్మ కుట్టించింది. చెవి పైభాగంలో రెండు ఉద్యోగంలో చేరాక నేనే కుట్టించుకున్నాను. నాలుక అనేసరికి అమ్మ తిట్టలేదు గానీ, "మరి అన్నం ఎట్లా తింటావే?" అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

షిఫ్ట్ మొత్తం మాట్లాడే పని కదా, మాట ఎప్పటికి సరవుతుంది? బోనాలకు ముందు చేయించుకోవాలా, తర్వాతా? ఇంకో సంగతి, బంజారాహిల్స్‌లో ఒక స్టూడియో చెప్పిన రేటులో మూడో వంతుకే మా బస్తీలో ఫ్యాన్సీ షాపతను చేస్తానంటున్నాడు. ఆ తేడా దేనికి? వివరంగా రాయండి, అమ్మకు చదివి వినిపిస్తాను.

తార్నాక_గొంతు:

చెల్లీ, నేను డబ్బింగ్ చెప్తాను. నాలుకతోనే నాకు అన్నం. నాలుకకు పియర్సింగ్ ఉండి కూడా కొన్నేళ్లుగా ఆ పనే చేస్తున్నాను కాబట్టి నీ భయం నాకు బాగా తెలుసు.

ముందు అందరూ వదిలేసే మాట చెప్తాను. కుట్టించుకోవడం ఒక్క నిమిషం పని. రెండోసారి స్టూడియోకి వెళ్లి రాడ్ (నాలుకలోంచి పోయే, రెండు కొసలా చిన్న బంతులుండే లోహపు కడ్డీ) మార్పించుకోవడమే అసలు సంగతి. నాలుక బాగా వాస్తుంది. ఆ వాపుకి చోటు ఉండాలని మొదట పొడవాటి రాడ్ వేస్తారు, మనిషిని బట్టి 20, 22 మిల్లీమీటర్ల దాకా. రెండు మూడు వారాల్లో వాపు తగ్గాక అదే రాడ్ నోట్లో అటూ ఇటూ ఆడుతూ పళ్లకు, చిగుళ్లకు కొట్టుకుంటుంది. అప్పుడు 14 లేదా 16 మిల్లీమీటర్ల పొట్టి రాడ్ వేయించుకోవాలి. చాలామంది నొప్పి తగ్గింది కదా అని మళ్లీ అటువైపు వెళ్లరు. పళ్ల అంచులు విరిగేది అక్కడే. అందుకే రేటు అడిగే ముందు "పొట్టి రాడ్ ఎప్పుడు మారుస్తారు, దానికి వేరే డబ్బులా?" అని అడుగు. ఆ ప్రశ్నకు తడబడే చోట నాలుక చాపకు.

ఫ్యాన్సీ షాపు మాట మర్చిపో. అక్కడ ఉండేది చెవులు కుట్టే గన్. చెవి తమ్మెకే అది మంచిది కాదంటారు, నాలుకకు అసలే వాడకూడదు. దాన్ని ఆటోక్లేవ్‌లో, అంటే వేడి ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో పెట్టి శుభ్రం చేయడం కుదరదు. నీకు కావలసింది ఒక్కసారి వాడి పారేసే బోలు సూది, సీలు నీ కళ్లెదుట విప్పాలి. నాలుకకు సాధారణంగా 14 గేజ్, అంటే 1.6 మిల్లీమీటర్ల మందం. రాడ్ ఇంప్లాంట్‌లకు వాడే టైటానియం అయి ఉండాలి, ఏఎస్‌టీఎం ఎఫ్136 ప్రమాణం ఉన్నదా అని అడుగు. "సర్జికల్ స్టీల్" అన్న మాట ఒక్కటి విని సరే అనకు, అందులో నికెల్ ఉంటుంది, పడనివాళ్లు ఉంటారు.

మంచి పియర్సర్ ముందు నాలుక పైకెత్తించి లైటు వేసి చూస్తారు. కింద నీలంగా కనిపించే రక్తనాళాలను తప్పించి, సరిగ్గా మధ్య గీత మీద చుక్క పెడతారు. నాలుక కింద పట్టి ఉంచే పొర కొందరికి మరీ ముందుకి ఉంటుంది, వాళ్లకు కుదరకపోవచ్చు. "నీకు కుదరదమ్మా" అని చెప్పి పంపిస్తే కోపం తెచ్చుకోవద్దు, ఆ మనిషికి పని వచ్చని అర్థం.

ఇక మాట. మూడో రోజు నుంచి ఐదో రోజు వరకు వాపు ఎక్కువ. మనకు ణ, ళ పలకాలంటే నాలుక కొస వెనక్కి మడవాలి కదా, కష్టమంతా ఆ అక్షరాల దగ్గరే. స కూడా కొంచెం జారుతుంది. నేను ఆ వారం రికార్డింగ్ ఒప్పుకోలేదు. నువ్వూ వారం సెలవు పెట్టు, వీలుంటే చాట్ ప్రాసెస్‌లో వేయమని అడుగు. వాపు దిగేకొద్దీ మాట దానంతట అదే సర్దుకుంటుంది. పొట్టి రాడ్ పడ్డాక నా గొంతులో తేడా మా సౌండ్ ఇంజినీరు కూడా పట్టుకోలేదు.

అమ్మగారి ప్రశ్నకు జవాబు: తినొచ్చమ్మా, చల్లగా, మెత్తగా. మొదటి రోజులు చల్లార్చిన రాగి జావ, మజ్జిగ. తర్వాత పెరుగన్నం మెతుకు లేకుండా పిసికి, చిన్న ముద్దలు నేరుగా దవడ పళ్ల దగ్గర పెట్టుకుని నెమ్మదిగా నమలాలి. నాలుక మీద పెట్టుకుంటే బంతి పళ్ల మధ్యకు వచ్చేస్తుంది. ఐసు ముక్క చప్పరించడం వాపుకి మంచిది, కొరకొద్దు. కారం, గోంగూర, చింతపండు పులుసు, ఆవకాయ, వేడి వేడి ఇరానీ చాయ్ కొన్నాళ్లు పక్కన పెట్టాలి. ఇది బోనాల ముందు ఎవరి వల్ల అవుతుంది చెప్పు? మీకు లాల్ దర్వాజా దగ్గర కదా, ఆ ఆదివారం అయిపోయి, చుట్టాలు వెళ్లాక చేయించుకో.

తిన్న ప్రతిసారీ ఉప్పునీళ్లతో పుక్కిలించాలి. కాచి చల్లార్చిన గ్లాసుడు నీళ్లలో పావు టీస్పూను ఉప్పు చాలు. ఎక్కువ వేస్తే ఎక్కువ మేలు అనుకోకు, మంట పుట్టి ఆలస్యమవుతుంది. మౌత్‌వాష్ అయితే ఆల్కహాల్ లేనిది. కొత్త మెత్తటి బ్రష్ కొనుక్కో. ఇంట్లో పెద్దవాళ్లు చెవికి పెట్టినట్టు పసుపు, కొబ్బరినూనె పెడతామంటారు, పెట్టనివ్వకు. సిగరెట్, మందు, ముద్దులు పుండు మానేదాకా వద్దు. ఒకరి ఎంగిలి ఒకరు తాగడం, ఒకే స్పూను వాడడం కూడా వద్దు. పూర్తిగా మానడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. రంధ్రం చుట్టూ తెల్లగా, పలచగా ఊరేది చీము కాదు, కంగారు పడకు.

ఈసీఐఎల్_దంతవైద్యుడు:

పై అక్క రాసిందంతా సరిగ్గా ఉంది. నేను రోజూ నోళ్లు చూసేవాణ్ణి కాబట్టి రెండు విషయాలు కలుపుతాను.

పియర్సింగ్ ఉన్నవాళ్లలో కింది ముందు పళ్లకు లోపలి వైపు చిగురు కిందికి జారడం చూస్తుంటాం. దిగిన చిగురు తనంతట తాను మళ్లీ పైకి రాదు. బంతిని పళ్లతో కొరకడం, పళ్ల వెనక టకటకలాడించడం అలవాటైతే ఆ ప్రమాదం పెరుగుతుంది. ఆ అలవాటు మొదలవకుండా చూసుకోమ్మా. ఆరు నెలలకోసారి పళ్ల డాక్టరుకు చూపించు, పియర్సింగ్ ఉందని ముందే చెప్పు. దవడ ఎక్స్‌రే తీసేటప్పుడు లోహం తీయాల్సి ఉంటుంది. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ సొంతంగా వారాల తరబడి వాడొద్దు, పళ్లకు గోధుమరంగు మరకలు పడతాయి, రుచి మారుతుంది.

గుండె కవాటాల జబ్బు, అదుపులో లేని షుగర్, రక్తం పలచబడే మందులు, వీటిలో ఏదున్నా ముందు మీ డాక్టరును అడగాలి. హెపటైటిస్ బి టీకా వేయించుకున్నావో లేదో కూడా చూసుకో.

జ్వరం, పచ్చటి చీము, రోజురోజుకీ పెరిగే నొప్పి ఉంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నాలుక కింద భాగం గట్టిపడి నాలుకను పైకి నెట్టడం, గడ్డం కింద మెడ వాయడం, ఉమ్మి మింగలేకపోవడం, ఊపిరి కష్టమవడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరి ఎమర్జెన్సీకి వెళ్లండి. ఇన్ఫెక్షన్ వచ్చిందని రాడ్‌ని మీరే పీకేయకండి. పైన రంధ్రం మూసుకుపోయి చీము లోపల ఉండిపోవచ్చు.

జనగామ_పెదనాన్న:

అమ్మాయీ, మా ఊళ్లో వీరభద్రుడి జాతరలో నాలుకకు నారసం (ఇనుప చువ్వ) గుచ్చుకునేవాళ్లను చిన్నప్పటి నుంచీ చూశాను. మీ ఇంట్లో పెద్దవాళ్లు దాన్ని చూపించి "వాళ్లకు ఏమీ కాలేదు కదా" అనవచ్చు. అది మొక్కు. కాసేపటికే తీసేసి విభూతి పెడతారు. నువ్వు లోహాన్ని నోట్లోనే ఏళ్ల తరబడి ఉంచుకుంటున్నావు. డాక్టరు బాబు చెప్పింది విను తల్లీ.

మలక్‌పేట్_పిల్ల:

అందరికీ చాలా థ్యాంక్స్. అమ్మకు మొత్తం చదివి వినిపించాను, పెరుగన్నం దగ్గర కాస్త మెత్తబడింది. అక్కా, ఒక్కటే అనుమానం. ఆఫీసులో ఎవరైనా అభ్యంతరం చెప్తే షిఫ్ట్ టైములో తీసి, ఇంటికొచ్చి మళ్లీ పెట్టుకోవచ్చా?

తార్నాక_గొంతు:

మానేదాకా కుదరదు చెల్లీ. కొత్తలో గంటల్లోనే రంధ్రం మూసుకుపోతుంది, మళ్లీ తోస్తే గాయం అవుతుంది. పాతబడ్డాక కూడా నాలుక చెవి లాంటిది కాదు, తొందరగా దగ్గరపడుతుంది. పూర్తిగా మానాక పైన చదునుగా, నాలుక రంగులో ఉండే రిటైనర్ దొరుకుతుంది, మాట్లాడేటప్పుడు కనిపించదు. నువ్వు ఫోన్‌లో మాట్లాడే పని కాబట్టి అది కూడా అవసరం పడకపోవచ్చు. అయినా సెలవు అడిగేటప్పుడే టీం లీడ్‌కి విషయం చెప్పేయి. రోజూ చేతులు శుభ్రంగా కడుక్కుని రెండు బంతులూ బిగుతుగా ఉన్నాయో లేదో చూసుకో, నిద్రలో ఊడి మింగేసే అవకాశం ఉంటుంది.