మారేడు గడ్డల తీగను గింజలతో పెంచినవాళ్లు ఉన్నారా?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి దగ్గర పల్లె. మా అమ్మ ఏటా మారేడు గడ్డల ఊరగాయ పెడుతుంది. తోలు గీకి, మధ్యలో ఉండే గట్టి ఈనె తీసేసి, ముక్కలు కోసి ఉప్పు, కారం, నిమ్మరసంలో ఊరబెడుతుంది. జాడీ మూత తీస్తే ఇల్లంతా ఆ కమ్మటి వాసనే. (శివుడికి పెట్టే మారేడు కాదండీ, సన్నటి నన్నారి వేరు కూడా కాదు. శేషాచలం, నల్లమల రాతి గుట్టల్లో పాకే తీగ ఇది, తుంచితే పాలు కారతాయి.)

గడ్డ కోసం తీగను మొదలంటా తవ్వేస్తున్నారు. అడవిలో అంతరించే ముప్పున్న మొక్క. కొనడానికి మనసొప్పక పెరట్లో పెంచాలనుకున్నాను. జంట కాయలు పగిలాక దూది అంటిన గింజలు ఏరి, 6 నెలలు డబ్బాలో దాచి, తొలకరికి ఎర్రమన్ను, ఇసుక కలిపిన సంచుల్లో నాటాను. 40 గింజల్లో 2 మొలిచాయి, అవీ మొదలు కుళ్లి పోయాయి.

గింజలు రాలిన వెంటనే నాటాలా? నానబెట్టాలా? కొమ్మ నాటితే ఎవరికైనా వేరు పట్టిందా? గడ్డ తవ్వడానికి ఎన్నేళ్లు ఆగాలి? పెంచి చూసినవాళ్లు దయచేసి చెప్పండి. ఈసారి కాయలు పగిలేలోపు తెలిస్తే చాలా మేలు.