డాక్టర్ పేరు పక్కన ఎఫ్‌సీసీపీ అని ఉంటే పెద్ద చదువా?

కూకట్‌పల్లి_అమ్మాయి:
అమ్మకు 58 ఏళ్లు, నాలుగేళ్లుగా ఉబ్బసం. ఇంటి దగ్గర క్లినిక్‌లో రాసిచ్చిన నీలం ఇన్‌హేలరే, ఆయాసం వచ్చినప్పుడల్లా రెండు పఫ్‌లు కొట్టుకునేది. ఈ చలికాలం రాత్రిళ్లు పిల్లికూతలు ఎక్కువై, పడుకోలేక గోడకు దిండు ఆనించుకుని కూర్చుంటోంది. వేరే ఛాతీ డాక్టర్‌కు చూపిస్తే, నీలం ఒక్కటే వాడొద్దని స్టెరాయిడ్ కలిసిన ఇన్‌హేలర్ రాశారు. స్టెరాయిడ్ అనేసరికి అమ్మకు ఒకటే టెన్షన్. ఆయన బోర్డు మీద ఎండీ, ఎఫ్‌సీసీపీ అని ఉంది, గోడకు విదేశీ సొసైటీల సర్టిఫికెట్లున్నాయి. వాటిని చూసి నమ్మొచ్చా?

స్పైరో_టెక్నీషియన్:
ఎఫ్‌సీసీపీ డిగ్రీ కాదండి. 1935లో మొదలైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ చెస్ట్ ఫిజీషియన్స్ అనే సంఘం, దరఖాస్తు పెట్టుకున్న డాక్టర్ల అర్హతలు చూసి ఇచ్చే ఫెలోషిప్. అసలు చదువు ఎండీ, అది చూడండి. మన దేశంలో 1980లో పెట్టిన ఇండియన్ చెస్ట్ సొసైటీ ఉంది, లంగ్ ఇండియా అనే పత్రిక వాళ్లదే.

సర్టిఫికెట్ కన్నా ఆ సంఘాలు చెప్పింది క్లినిక్‌లో చేస్తున్నారా అన్నదే నాకు ముఖ్యం. అమ్మకు స్పైరోమెట్రీ, అంటే ఊపిరితిత్తులు ఎలా పనిచేస్తున్నాయో ఊదించి కొలిచే పరీక్ష, చేశారా? ముక్కుకు క్లిప్ పెట్టి, గుండెల నిండా పీల్చమని, ఒక్కసారిగా ఊది ఇక గాలి లేదనిపించేదాకా ఆపొద్దంటాం. అమెరికా, యూరప్ సంఘాలు కలిసి 2019లో సవరించిన ప్రమాణం ప్రకారం కనీసం మూడు ఊదుళ్లు సరిగ్గా రావాలి, వాటిలో మంచివి రెండూ 150 మిల్లీలీటర్ల తేడాలోపే ఉండాలి. తర్వాత మందు పీల్పించి, కాసేపాగి మళ్లీ ఊదిస్తాం. ఒక్కసారి ఊదించి రిపోర్టు చేతిలో పెడితే మళ్లీ చేయమని అడగండి, మొహమాటపడొద్దు.

ఎర్రగడ్డ_వాసి:
మా పెద్దవాళ్లు ఇప్పటికీ ఛాతీ ఆసుపత్రిని టీబీ దవాఖానా అనే అంటారు. ఈ సంఘాల పుట్టుక కూడా అలాంటిదే. ఇప్పటి అమెరికన్ థొరాసిక్ సొసైటీ 1905లో టీబీ శానిటోరియం డాక్టర్ల సంఘంగా మొదలైంది, ఈ పేరు వచ్చింది 1960లో.

దమ్ము_ఇరవయ్యేళ్లుగా:
అమ్మకు ధైర్యం చెప్పండి. నేనూ స్టెరాయిడ్ అంటే భయపడి చాలా ఏళ్లు నీలంతోనే నెట్టుకొచ్చాను, మృగశిర రోజు నాంపల్లిలో చేప మందు లైన్లోనూ నిలబడ్డాను, చివరికి ఒక రాత్రి ఎమర్జెన్సీలో తేలాను. నీలం మందు గాలి గొట్టాలను కాసేపు తెరుస్తుంది అంతే, లోపలి వాపు అలాగే ఉంటుంది. ఆస్తమా మీద ప్రపంచమంతా చూసే గీనా మార్గదర్శకాలు కూడా 2019 నుంచి పెద్దవాళ్లకు నీలం ఒక్కదానితో నెట్టుకురావద్దనే చెబుతున్నాయి, అంటే మీ డాక్టర్ రాసింది దానికి తగ్గట్టే ఉంది. పీల్చే స్టెరాయిడ్ మోతాదు మాత్రల కన్నా చాలా తక్కువ. పీల్చాక నీళ్లతో పుక్కిలించి ఉమ్మేయమనండి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది.

కూకట్‌పల్లి_అమ్మాయి:
అందరికీ థాంక్స్. నాలుగేళ్లలో ఆ పాత క్లినిక్‌లో ఒక్కసారి కూడా ఊదించలేదు, తలుచుకుంటే కడుపు మండుతోంది. గురువారం స్పైరోమెట్రీకి టైమ్ తీసుకున్నాను, ముందు ఏ ఇన్‌హేలర్ ఎన్ని గంటలు ఆపాలో కూడా అడిగాను. ఇందాక అమ్మ పఫ్ కొట్టుకుంటుంటే పక్కనే కూర్చుని చూశాను. కొట్టుకున్న వెంటనే ఊపిరి వదిలేస్తోంది, మందంతా పొగలా బయటికే. పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టమంటే ఆరు దగ్గరే దగ్గొచ్చింది. రేపు స్పేసర్, అదే ఇన్‌హేలర్‌కు తగిలించుకుని పీల్చే గొట్టం, కొంటాను.