లండన్ సిస్టమ్‌తో గెలిస్తే అదీ ఒక గెలుపేనా?

ఒంటరిబంటు:
నిన్న చెస్ క్లబ్ గేమ్‌లో నల్లపావులతో ఓడిపోయాను. అవతలాయన డి4, శకటు ఎఫ్4, ఈ3, సి3, గుర్రం ఎఫ్3. నేనేం ఆడినా అవే ఐదు ఎత్తులు, లండన్ సిస్టమ్ అంటే ఇంతే. ఇది ఆటా, ఎక్కాలు అప్పజెప్పడమా? మంత్రి బంటుతో మొదలుపెట్టేవాడికి సి4 నెట్టే దమ్ముండాలి.

ఎర్రగుర్రం:
మీ ఎత్తులు కూడా పెట్టండి.

ఒంటరిబంటు:
గుర్రం ఎఫ్6, డి5, సి5, గుర్రం సి6, మంత్రి బి6. ఆయన మంత్రి బి3, నేను సి4, ఆయన మంత్రి సి2, నేను ఈ6. చివరికి ఏనుగులు, బంట్లే మిగిలిన ముగింపులో పోయింది.

ఎర్రగుర్రం:
ఈ6 ఆడి మీ శకటుకు మీరే తలుపేసుకున్నారు. అక్కడ శకటు ఎఫ్5 ఉంది! ఆయన మంత్రితో దాన్ని కొడితే మీ మంత్రి బి2 బంటును కొడుతుంది, మూలనున్న ఏనుగుకు దారి లేదు. అందుకే తెల్ల మంత్రి సి1కి తగ్గాలి. బి1 గుర్రం ముందే డి2కి వచ్చి ఉంటే ఏనుగు తప్పించుకునేది, ఈ కిటుకు పనిచేసేది కాదు. ఆయన దాన్ని తేలేదు.

ఒంటరిబంటు:
నేనడిగింది అది కాదు.

గళ్లచొక్కా:
2023 ప్రపంచ చాంపియన్‌షిప్ ఆరో గేమ్‌లో చైనా గ్రాండ్‌మాస్టర్ డింగ్ లిరెన్ లండన్‌తోనే గెలిచాడు. ఆయనకూ దమ్ము లేదంటారా?

ఒంటరిబంటు:
డింగ్‌కు అన్నీ వచ్చు. మావాడికి ఇదొక్కటే వచ్చు.

కొత్తఆట:
నాకు రోజుకు అరగంట దొరుకుతుంది. డి4, సి4తో సాగే క్వీన్స్ గాంబిట్ శాఖలన్నీ ఎప్పుడు చదవాలి? మాలాంటివాళ్లు క్లబ్‌కు రావొద్దా?

ఒంటరిబంటు:
రండి, కానీ చదివి రండి! చదవకుండా వచ్చి చదివినవాళ్ల టైం తినకండి.

ఎర్రగుర్రం:
చదివినవారికి శకటు ఎఫ్5 కనపడలేదు కదండీ.

ఒంటరిబంటు:
చాలు. నన్ను ఓడించినాయన క్లబ్‌లో చేరి ఎనిమిది నెలలు. నేను పన్నెండేళ్లుగా సి4కు జవాబైన స్లావ్ డిఫెన్స్ మీద నోట్సు రాసుకుంటున్నాను, ఎదుటివాడు లండన్ ఆడితే అందులో ఒక్క పేజీ అక్కరకు రాదు. గేమయ్యాక నవ్వుతూ, ‘ఏడో ఎత్తుదాకా నేను ఆలోచించనే లేదండీ’ అన్నాడు.

గళ్లచొక్కా:
ఓ, అదా.

ఎర్రగుర్రం:
ఆ మాటకు నాకూ ఒళ్లు మండేది. కానీ మీరు ఓడింది ఏనుగుల ముగింపులో. అప్పటికి లండన్ ఎక్కడుంది? ఆ ముగింపు పెట్టండి, చూద్దాం.

ఒంటరిబంటు:
రాత్రికి పెడతాను. అదీ నేను గెలవాల్సిందే.