రెండు నెలలు ఒడ్డున ఉన్న బోటు: ఇంజను నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది

మొగ దగ్గర మనిషి: తెల్లవారుజామున నాలుగింటి నుంచి దీనితోనే కుస్తీ పడుతున్నాను. ఇప్పుడు మధ్యాహ్నం రెండయింది. చేపల వేట నిషేధం రోజుల్లో ఒడ్డుకు లాగిపెట్టిన బోటును నిన్న నీళ్లలోకి దించాం. తాడు ఒక్కసారి లాగగానే ఇంజను అందుకుంది. సంబరపడ్డాం. పావుగంట నడిచి ఆగింది. పది నిమిషాలు ఊరుకుంటే మళ్లీ అందుకుంటుంది, మళ్లీ ఆగుతుంది. ప్లగ్గులు మార్చాను. పాత పెట్రోలు తీసేసి కొత్తది పోశాను. మెకానిక్ వచ్చి కార్బురేటర్ కడిగి పన్నెండు వందలు తీసుకున్నాడు. అయినా పాత పాటే. పక్క బోట్లవాళ్లు వేటకు వెళ్లి వచ్చేశారు కూడా. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

పానా: ఏ ఇంజను?

మొగ దగ్గర మనిషి: అందరి దగ్గరా ఉండేదే అండీ.

పానా: నా దగ్గర లేదు.

మొగ దగ్గర మనిషి: వెనక తగిలించేది. 9.9 హార్సుపవర్, రెండు స్ట్రోకులది. ఫైబర్ బోటు.

సైన్సు మాష్టారు: అసలు దోషం పెట్రోలుది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌కు నీళ్లంటే ప్రాణం. సముద్రపు గాలిలో రెండు నెలలు సగం ఖాళీ ట్యాంకులో ఉంటే చెమ్మను పీల్చుకుంటుంది. నీళ్లు మరీ ఎక్కువైతే ఇథనాల్, నీళ్లు కలిసి అడుగుకు దిగుతాయి. ట్యాంకులో గొట్టం మూతి ఉండేదీ అడుగునే కదా! కొద్దిగా గాజు సీసాలోకి తీసి అరగంట కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే దాన్ని వాడకండి. అన్నట్టు, ఆయిల్ ఎంత కలుపుతున్నారు? 50 పాళ్ల పెట్రోలుకు 1 పాలు ఆయిల్ అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. మనవాళ్లు చేతికి వచ్చినంత పోస్తారు, ప్లగ్గులు నల్లబడ్డాయని ఏడుస్తారు.

మొగ దగ్గర మనిషి: మాష్టారూ, పెట్రోలు మార్చానని పైనే రాశాను.

డీజిల్ తాత: వెనక తగిలించేదాన్ని మోటారు అనాలి బాబూ. ఇంజను అంటే బోటు కడుపులో కూర్చునేది. ఈ 60 రోజుల్లో వారానికొకసారి తిప్పి ఉంటే ఈ బాధే ఉండేది కాదు.

లెక్కల పిచ్చి: 60 కాదు, 61. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు.

డీజిల్ తాత: రెండు నెలలంటే 60 రోజులే నాయనా. నేను ఎన్ని నిషేధాలు చూశాను!

పానా: టక్కున ఆగుతోందా, దగ్గి ఆగుతోందా?

మొగ దగ్గర మనిషి: ఆగడంలో కూడా రకాలున్నాయా?

పానా: ఉన్నాయి. స్విచ్చి నొక్కినట్టు టక్కున ఆగితే కరెంటు వైపు చూడాలి. గొంతు తగ్గి, దగ్గి, ఆగితే పెట్రోలు అందడం లేదు.

మొగ దగ్గర మనిషి: దగ్గే ఆగుతోంది. ముందు జోరు తగ్గుతుంది, ఒకసారి మళ్లీ లేస్తుంది, ఆ తర్వాత పోతుంది.

నర్సాపురం అక్క: తమ్ముడూ, ఆగిన వెంటనే పెట్రోలు పైపు మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బల్బును పట్టుకుని చూశావా? చప్పిడి ముక్కులా లోపలికి అణిగిపోయి ఉంటే లోపం ట్యాంకు వైపు ఉన్నట్టు. బల్బు గట్టిగానే ఉండి ఆగితే ఇంజను వైపు వెతకాలి. ట్యాంకు పాతదేనా?

మొగ దగ్గర మనిషి: ట్యాంకు కొత్తదే అక్కా. పాతది ఎండకు పగిలిపోతే నిన్ననే కొన్నాం. చెప్పలేదా? బల్బు చూసి చెబుతాను.

పానా: చెప్పలేదు.

నర్సాపురం అక్క: మూత మీద చిన్న మర ఉంటుంది, గాలి కోసం. కొత్తవాటికి గట్టిగా బిగించే ఇస్తారు. ఇంజను నడిచేటప్పుడు దాన్ని వదులు చేయాలి. లేకపోతే పెట్రోలు వెళ్లినకొద్దీ ట్యాంకు లోపలికి పీల్చుకుపోతుంది. ఆగాక మెల్లగా కాస్త గాలి దూరుతుంది కాబట్టే పది నిమిషాలకు మళ్లీ అందుకుంటోంది. మూత మొత్తం తీసి నడపకు, అల కొడితే నీళ్లు పడతాయి.

సైన్సు మాష్టారు: గాలి మర సరే. పైపు కూడా కొత్తదేనా? ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బిస్తుంది. లోపలి పొర ఊడి నాలుకలా అడ్డుపడుతుంది. బయటికి పైపు నిగనిగలాడుతూనే ఉంటుంది.

డీజిల్ తాత: డీజిల్‌కు ఈ గొడవలు లేవు.

పానా: డీజిల్‌లో గాలి పట్టినప్పుడు చూద్దాం.

మొగ దగ్గర మనిషి: అక్కా, బల్బు అణిగిపోయే ఉంది. మర తిప్పగానే ట్యాంకు బుస్సుమంది, సొట్టపడిన పక్క మళ్లీ పొంగింది. గంటసేపు ఆగకుండా తిరిగాం. వచ్చేటప్పుడు మాత్రం మొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, ఒకసారి దగ్గింది, ఆగలేదు. పైపు పాతదే. సాయంత్రం వేటకు వెళ్తున్నాం. అందరికీ థాంక్సండీ.

నర్సాపురం అక్క: దగ్గిందంటున్నావు, పైపు మార్చి వెళ్లు తమ్ముడూ. మొగలో ఆగితే అలలు ఒడ్డుకు విసిరేస్తాయి.

పానా: మార్చారా?

పానా: ?

లెక్కల పిచ్చి: తాతగారూ, ఏప్రిల్‌లో 16, మేలో 31, జూన్‌లో 14. కూడి చూడండి.