ఇటలీలో 12 రోజులు, అంతా రైళ్లలోనే: టికెట్లు ఎప్పుడు, ఎలా కొనాలి?

ఎంవీపీ_ఆర్క్:
అందరికీ నమస్కారం. వైజాగ్‌లో ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరం చదువుతున్నా. మే సెలవుల్లో నేనూ, నా ఫ్రెండూ ఇటలీ వెళ్దామని ప్లాన్. మిలాన్‌లో దిగి వెరోనా, వెనిస్, బొలోనా, ఫ్లోరెన్స్, పీసా చూసుకుని రోమ్ నుంచి తిరుగు విమానం. విమానం, వీసా కాకుండా తలా లక్షా ఇరవై వేలలో అయిపోవాలి (యూరో వంద రూపాయలని లెక్కేసుకున్నాం). ఒకే టికెట్ మీద చాలా రైళ్లెక్కే యూరైల్ పాస్ తీసుకోవాలా, విడిగా కొనుక్కోవాలా? రేట్లు పెరిగిపోతాయని ఇప్పుడే కొనేయమంటున్నారు, వీసా ఇంకా రాలేదు. 25 ఏళ్లలోపు వాళ్లకి మ్యూజియం టికెట్ 2 యూరోలే అన్నది నిజమేనా?

దొండపర్తి_రైలుబండి:
పాస్ వద్దు. పాస్ ఉన్నా హైస్పీడ్ బళ్లకి సీటు రిజర్వేషన్ డబ్బులు వేరే కట్టాలి. మామూలు బళ్లేమో పాస్ లేకుండానే చవక. మీ రూటులో అది గిట్టుబాటు కాదు.

అక్కడ మీకు పనికొచ్చే బళ్లు రెండు రకాలు. మొదటిది రీజియోనాలే. మన రత్నాచల్‌లో జనరల్ పెట్టె అనుకోండి: సీటు నంబరుండదు, దూరాన్ని బట్టి రేటు, నెల ముందు కొన్నా బండికి పది నిమిషాల ముందు కొన్నా ఒకటే. వెయిటింగ్ లిస్టు గొడవ లేదు, మహా అయితే నిలబడతారు. రెండోది ఫ్రెచ్చారొస్సా, ఇటాలో లాంటి హైస్పీడ్ బళ్లు. వీటిలో చవక కోటా అయిపోయేకొద్దీ రేటు ఎక్కుతుంది. ఫ్లోరెన్స్–రోమ్ ముందుగా చూసుకుంటే 20 యూరోల చుట్టుపక్కల దొరుకుతుంది, అదే రోజు కొంటే 50 పైన కూడా పోవచ్చు. అన్నిటికన్నా చవకైన సూపర్ ఎకానమీ టికెట్‌కి మార్పూ లేదు, రిఫండూ లేదు.

హైస్పీడ్ రెండు చోట్లే తీసుకోండి. ఫ్లోరెన్స్–రోమ్ గంటన్నర, రీజియోనాలేలో అయితే నాలుగు గంటల దాకా. బొలోనా–ఫ్లోరెన్స్ 40 నిమిషాలు, దాదాపు అంతా కొండల కింద సొరంగమే, కిటికీ సీటు కోసం కొట్టుకోనక్కర్లేదు. మిగతావి రీజియోనాలే చాలు, ఒక్కోటి గంట నుంచి రెండు గంటలు. మొత్తం రైళ్ల ఖర్చు తలకి 150 యూరోల లోపే తేలాలి.

ఫైన్లు పడేది ఎక్కడంటే: మెషీన్‌లో కొన్న కాగితం రీజియోనాలే టికెట్‌ని బండెక్కే ముందు ప్లాట్‌ఫాం దగ్గరుండే చిన్న పెట్టెలో దూర్చి టైము ముద్ర వేయించాలి. ముద్ర పడ్డాక నాలుగు గంటలు చెల్లుతుంది. ముద్ర లేకపోతే అదే టికెట్ మళ్లీ వాడుకోవచ్చు కాబట్టి, డబ్బు కట్టి కొన్నదే అయినా టీసీ ఒప్పుకోడు. ఫోన్‌లో కొంటే ముద్ర బదులు చెకిన్ నొక్కాలి, దానికి నెట్ కావాలి. బండి కదిలాక గుర్తొస్తే లాభం లేదు.

సీతమ్మధార_శ్రీ:
తమ్ముడూ, వీసా స్టాంపు పడేదాకా రిఫండ్ లేని టికెట్ ఏదీ కొనకు. షెంగెన్ వీసాకి (ఇటలీకి కావాల్సింది అదే) ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. మామూలుగా 15 రోజులు, ఫైలు ఇరుక్కుంటే 45 రోజులు కూడా పట్టొచ్చు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. హాస్టళ్లు మాత్రం ఉచితంగా రద్దు చేసుకునే రేటుకే బుక్ చేసుకో. వీసా వచ్చాక మూడు నాలుగు వారాలు చేతిలో ఉంటే ఆ రెండు హైస్పీడ్ టికెట్లూ మంచి రేటుకే దొరుకుతాయి.

2 యూరోల టికెట్ యూరోపియన్ యూనియన్ పౌరులకి. మన పాస్‌పోర్టుకి పూర్తి రేటే, కాలేజీ ఐడీ చూపించినా తగ్గదు. మీకు పనికొచ్చేది నెలలో మొదటి ఆదివారం: ప్రభుత్వ మ్యూజియంలన్నీ ఉచితం, ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ, రోమ్‌లోని కొలోసియంతో సహా. ఆ రోజు జనం విరగబడతారు, పొద్దున్నే వెళ్లాలి. ఉఫీజీకి సోమవారం సెలవు. వాటికన్ మ్యూజియంలు ఆ లెక్కలోకి రావు, అక్కడ ఉచితం నెలాఖరి ఆదివారం పూట మాత్రమే. కొలోసియం టికెట్ మీద పేరుంటుంది, పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి.

ఇంకోటి, ఇటలీ ప్రభుత్వ రైల్వే ట్రెనిటాలియా సైట్లో డబ్బు కట్టేటప్పుడు ఓటీపీ మన సిమ్‌కే వస్తుంది. రోమింగ్‌లో మెసేజీలు వచ్చేలా, కార్డులో విదేశీ లావాదేవీలు ఆన్ అయ్యేలా ఇక్కడే చూసుకుని బయల్దేరండి.

గాజువాక_బాబ్జీ:
ఆర్కిటెక్చర్ చదువుతూ రవెన్నా లిస్టులో పెట్టకపోవడం ఏటి బాబూ? బొలోనా నుంచి రీజియోనాలేలో గంటంపావు. అక్కడి సాన్ వితాలే 547లో ప్రతిష్ఠ చేసిన ఎనిమిది మూలల చర్చి, గోడల మీద మొజాయిక్‌లు అప్పటివే. బొలోనాలో మూడు రాత్రులుండి, ఒక రోజు దానికిచ్చేయ్. పీసాకి పూట చాలు. ఫ్లోరెన్స్ నుంచి ముందు లూకా వెళ్లి కోటగోడ మీద తిరిగి, అక్కణ్నుంచి పీసా బండెక్కి సాన్ రొస్సోరే అనే చిన్న స్టేషన్లో దిగితే వాలు గోపురం నడక దూరమే. పీసా సెంట్రాలేలో దిగితే ఊరంతా దాటుకుని రావాల.

ఎంవీపీ_ఆర్క్:
రవెన్నా కలిపేశాం, థాంక్స్ అండీ. వెనిస్‌లో పడకల రేట్లు చూస్తే భయమేస్తోంది. పాదువాలో ఉండి రోజూ వెళ్లి రావడం మంచిదా, మెస్త్రేనా?

సీతమ్మధార_శ్రీ:
మీ బడ్జెట్‌కి గండి పడేది రైళ్ల దగ్గర కాదు, ఈ పడకల దగ్గరే. మేలో డార్మ్ పడక 30 నుంచి 50 యూరోలు, పైన రాత్రికింత అని ఊరి పన్ను, అది చాలాచోట్ల నోట్లే అడుగుతారు. పాదువా చవక, రైల్లో అరగంట చిల్లర. కానీ 2024 నుంచి ఏప్రిల్–జూలై మధ్య కొన్ని రోజుల్లో వెనిస్‌కి పగటిపూట వచ్చిపోయే వాళ్ల దగ్గర ప్రవేశ రుసుము తీసుకుంటున్నారు. పాదువాలో ఉంటే అది మీకూ పడుతుంది. మెస్త్రే వెనిస్ మునిసిపాలిటీలోదే కాబట్టి అక్కడ బస చేస్తే మినహాయింపు, మినహాయింపు కోడ్ మాత్రం ఆన్‌లైన్లో తీసుకోవాలి. మీ తేదీలు ఆ రోజుల్లో లేకపోతే నా ఓటు పాదువాకే. మధ్యయుగపు చిత్రకారుడు జొత్తో చిత్రాలున్న స్క్రొవెన్యీ చాపెల్ అక్కడే ఉంది. ముందే బుక్ చేసుకోవాలి. లోపలి గాలి తేమ చెడకుండా పావుగంట అద్దాల గదిలో కూర్చోబెట్టి, తర్వాత పావుగంట చూడనిస్తారు. ఆలస్యంగా వెళ్తే లోపలికి రానివ్వరు.

దొండపర్తి_రైలుబండి:
వెనిస్‌కి వెళ్లేటప్పుడు దిగాల్సింది వెనేజియా సాంతా లూచియా, మెస్త్రే ఒడ్డు మీదే ఉండిపోతుంది. బోర్డు మీద మీరు దిగే ఊరు వెతక్కండి, బండి చివరి స్టేషన్ పేరే రాస్తారు. వెరోనా నుంచి పాదువా వెళ్లాల్సిన బండి ‘వెనేజియా’ అనే కనిపిస్తుంది. బండి నంబరు చూసుకోండి. బొలోనాలో హైస్పీడ్ ప్లాట్‌ఫాంలు భూమి లోపల చాలా కిందికి ఉంటాయి, పెట్టెలతో దిగడానికి పది నిమిషాలు పెట్టుకోండి. అక్కడే ప్లాట్‌ఫాం నంబరు పక్కన ‘ఒవెస్త్’ అని ఉంటే అది స్టేషన్ పడమటి చివర, అదే నంబరున్న మామూలు ప్లాట్‌ఫాం కాదు.

సమ్మె అంటే అక్కడ ‘షోపెరో’. ముందే ప్రకటిస్తారు. పనిరోజుల్లో పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య రీజియోనాలే బళ్లు కొన్ని తప్పనిసరిగా నడుపుతారు, ఊరు మారేది ఆ వేళల్లో పెట్టుకోండి. చివరి రోజు ఫ్యూమిచీనో ఎయిర్‌పోర్టుకి రోమ్ ప్రధాన స్టేషన్ తెర్మినీ నుంచి లియోనార్డో ఎక్స్‌ప్రెస్ 14 యూరోలు, 32 నిమిషాలు. ఎఫ్ఎల్1 లోకల్ 8 యూరోలే, అది మాత్రం తెర్మినీలో ఆగదు, తీబుర్తీనాలోనో త్రస్తేవెరేలోనో ఎక్కాలి. హాస్టల్ ఎటువైపు ఉందో చూసుకుని రెండిట్లో ఒకటి తేల్చుకోండి.