కత్తి ఒర సొంతంగా కుడుతున్నా: దారం తెగుతోంది, కత్తి జారుతోంది, ఏం మార్చాలి?

బత్తాయితోట_దేవరకొండ:
తోటలో వాడే కత్తికి ఒర నేనే కుట్టుకున్నా. అలుగు 5 అంగుళాలు. దూరం నుంచి చూస్తే బాగానే ఉంది గానీ కత్తి పెట్టి తీసినప్పుడల్లా అంచు దగ్గర దారం కోసుకుపోతోంది, నడుముకు పెట్టుకుని కిందికి వంగితే కత్తి బయటికి జారుతోంది, అంచులేమో పీచులు లేస్తున్నాయి. తోలు మా దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన ఇచ్చిన మిగులు ముక్క. వీడియోల్లో అందరి దగ్గరా వేల రూపాయల పనిముట్లే. నా దగ్గర ఆరె, సూదులు, ఒక కట్టర్, అంతే. వీటితో ఎంతవరకు మెరుగవుతుంది?

జడ్చర్ల_చేతిపని:
అన్నా, అది దారం తప్పు కాదు. తోలు మడిచిన చోటు కత్తి వీపు వైపు వస్తుంది, కుట్టు పదును వైపు వస్తుంది, కాబట్టి పదును నేరుగా పోయి కుట్టుకే తగులుతుంది, ఎంత మంచి దారం వేసినా తెగుతుంది. రెండు పొరల నడుమ అదే తోలుతో ఒక పట్టీ పెట్టి మూడూ కలిపి కుట్టు. వెడల్పు 8 నుంచి 10 మిల్లీమీటర్లు, మందం కత్తి వీపు మందానికి దగ్గరగా. పట్టీ లోపలి అంచు అలుగు వంపును అనుసరించాలి, తిన్నగా కోసి పెట్టేస్తే లోపల ఖాళీ మిగిలి మళ్లీ ఊగుతుంది.
కుట్టేటప్పుడు ఒకటే దారం, రెండు కొసలకూ సూదులు, ప్రతి రంధ్రంలో రెండు వైపుల నుంచీ దూర్చాలి. ఒక చోట తెగినా రెండో వైపుది పట్టుకుని ఉంటుంది, మిషన్ కుట్టులా వరసగా ఊడిపోదు. దారం పొడవు కుట్టే పొడవుకు నాలుగింతలు పెట్టుకో, మందం తోలు అయితే ఇంకొంచెం ఎక్కువ. రంధ్రాల దూరానికి పనిముట్టు కొనకు, ఇంట్లో తినే ఫోర్క్‌తో వరసగా నొక్కుకుంటూ పో, గుర్తులు సమంగా పడతాయి.

పాలమూరు_తోలుపని:
పైన చెప్పింది కరెక్టే, కానీ ముందు అడగాల్సింది అది ఏ తోలు అని. చెప్పుల పైభాగానికి వాడే మెత్తటి తోలు చాలావరకు క్రోమ్ లవణాలతో పదును చేసింది (పదును అంటే ఇక్కడ పచ్చి తోలు కుళ్లకుండా శుద్ధి చేయడం). కోసిన అంచు చూడు, లోపల నీలం కలిసిన బూడిద రంగు ఉంటే అదే (రంగు లోపలిదాకా పట్టించి ఉంటే కనిపించదనుకో). అది తడిపి ఎంత ఒత్తినా కత్తి ఆకారం నిలబడదు, పైగా అందులో మిగిలిన లవణాలకు ఇనుము తుప్పు పట్టే అవకాశం ఎక్కువ. ఒరకు కావాల్సింది చెట్ల బెరడుతో పదును చేసిన తోలు, 3 మిల్లీమీటర్లు ఉంటే చాలు. మన దగ్గర తంగేడు చెక్క, కరక్కాయ వేసి చేసేవాళ్లు కదా, ఆ రకం. అంచు లోపలిదాకా గోధుమ రంగు ఉంటుంది, నీళ్ల చుక్క వేస్తే పీల్చుకుని నల్లబడుతుంది. చెప్పుల అడుగుకు వాడే గట్టి తోలు అడిగి చూడు, లేదంటే చెన్నై పెరియమేట్ నుంచి తెప్పించుకోవచ్చు.

బత్తాయితోట_దేవరకొండ:
ఇప్పుడే కోసి చూశా, నీలమే. వేరే తోలు వెతుకుతా. మరి కత్తి జారకుండా?

పాలమూరు_తోలుపని:
కుట్టిన తర్వాత ఒరను గోరువెచ్చని నీళ్లలో ముంచి తీయి, నానబెట్టకు. కత్తికి సన్నగా నూనె రాసి ప్లాస్టిక్ కవర్ రెండు చుట్లు గట్టిగా చుట్టి లోపల పెట్టు. పిడి మొదలయ్యే చోట, అంటే అలుగు పిడిలో కలిసే మెడ దగ్గర, బొటనవేలితో ఒత్తి ఒత్తి ఆకారం తెప్పించు. పట్టు అంతా అక్కడే ఉంటుంది. ఒర పొట్టిగా కోసి అలుగు వరకే ఆపేస్తే ఎంత ఒత్తినా లాభం లేదు, పిడిలో కొంత భాగం కూడా లోపలికి దిగాలి. తర్వాత నీడలో ఆరనివ్వు. మన ఏప్రిల్ ఎండలో పెట్టావో, తోలు ముడుచుకుని పెళుసై పగులుతుంది.

కుట్టుపిచ్చి_వనపర్తి:
ఆరాక ఆముదం బాగా పట్టించండి, మా తాత చెప్పులకు అదే రాసేవాడు, ఏళ్ల తరబడి ఆగేవి.

జడ్చర్ల_చేతిపని:
చెప్పు వేరు, ఒర వేరు అన్నా. చెప్పు మెత్తగా ఉండాలి, ఒర బిర్రుగా ఉండాలి. నూనె ఎక్కువైతే ఒత్తి తెచ్చిన ఆకారం మొత్తం వదులవుతుంది. పైన పల్చగా ఒక్క పూత, మీద తేనె మైనం. లోపల ఏమీ వద్దు.

కుట్టుపిచ్చి_వనపర్తి:
పల్చగా అనే నేనూ అన్నది. (సరే, బాగా అన్నాను.) వానాకాలంలో మైనం ఒక్కటే ఆగదు గానీ, ఒప్పుకుంటా.

జడ్చర్ల_చేతిపని:
అంచుల సంగతి: మూడు పొరలూ ఫెవికాల్ ఎస్‌ఆర్ లాంటి బంకతో అంటించు, నున్నటి వైపు అంటించేచోట ముందు గీకాలి, లేకపోతే ఊడుతుంది. కుట్టాక ఎమరీ పేపర్ 220, తర్వాత 400, చివరికి 600 రుద్దు. కొంచెం తడి చేసి గుడ్డతోనో నున్నటి కర్రతోనో వేడి పుట్టేదాకా రుద్దితే పీచు అణిగి మెరుస్తుంది. నేను నీళ్లకు బదులు తుమ్మ బంక పల్చగా కలిపి వాడతా. క్రోమ్ తోలు మీద ఈ కష్టమంతా దండగ.

బత్తాయితోట_దేవరకొండ:
కొలత ఎలా తీసుకోవాలి? పోయినసారి అంచనాతో కోశా.

పాలమూరు_తోలుపని:
పాత క్యాలెండర్ అట్ట మీద కత్తి పెట్టి గీయి, వీపు వైపు దొర్లించి అవతల పక్క కూడా గీయి. పదును వైపు పట్టీ వెడల్పు వదిలి, దాని బయట ఇంకో 3 మిల్లీమీటర్లు రుద్దడానికి ఉంచు. అట్టనే మడిచి క్లిప్పులు పెట్టి కత్తి దూర్చి చూసుకో, సరిపోయాకే తోలు కోయి. ఇంకోటి, కొన దగ్గర చిన్న రంధ్రం వదిలెయ్, నీళ్లు పోతాయి. బత్తాయి రసం అంటిన కత్తి తుడవకుండా లోపల పెడితే ఏ తోలైనా తుప్పే, రాత్రిపూట కత్తి ఒరలో ఉంచకుండా బయట పెట్టుకో.