సీలియాక్ వ్యాధి: రక్తపరీక్ష చాలదా, బయాప్సీ తప్పదా?

చిగురు:
మా పాపకు రెండున్నరేళ్లు. ఆరు నెలలుగా పొట్ట ఉబ్బి ఉంటోంది. లాగు నడుము దగ్గర బిగుసుకుపోతుంది, తొడల దగ్గర వేలాడుతుంది. మలం పలచగా, జిడ్డుగా, భరించలేని వాసనతో వస్తోంది. బరువు పెరగడం లేదు. సీలియాక్ (గోధుమల్లోని గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక చిన్నపేగు దెబ్బతినే వ్యాధి) అనుమానంతో చేసిన రక్తపరీక్షలో టీటీజీ ఐజీఏ అనే యాంటీబాడీ గరిష్ఠ పరిమితికి 14 రెట్లు వచ్చింది. మత్తు ఇచ్చి, ఎండోస్కోపీతో చిన్నపేగు నుంచి ముక్క తీయాలంటున్నారు. ఇంత పసిదానికి అది అవసరమా? గోధుమలు మానేసి చూస్తే చాలదా?

కొండగాలి:
చాలు. మా అక్క కొడుకుకు మాన్పించాం, మూడు వారాల్లో విరేచనాలు కట్టాయి. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

వెన్నెలమెట్లు:
కొండగాలి గారూ, మీ మాట ఒప్పుకోలేను. గోధుమలు మానితే వేరే కారణాలతో వచ్చిన ఉబ్బరం కూడా తగ్గవచ్చు. పైగా గ్లూటెన్ ఆపగానే రక్తంలో యాంటీబాడీలు తగ్గడం మొదలవుతుంది, పేగు మానుతుంది. అప్పుడు పరీక్ష చేయిస్తే ఏమీ లేనట్టే వస్తుంది. మేము చేసిన తప్పు అదే. నిర్ధారణ కోసం మా బాబుకు మళ్లీ వారాల తరబడి గోధుమలు పెట్టాల్సి వచ్చింది. తినగానే మోకాళ్లు పొట్టకు ముడుచుకుని పడుకునేవాడు. ఆ రోజులు ఏ తల్లికీ వద్దు.

చిగురు గారూ, మీ పాప సంగతి వేరు. టీటీజీ ఐజీఏ 10 రెట్లు లేదా అంతకు మించి ఉండి, విడిగా తీసిన రెండో రక్త నమూనాలో ఈఎంఏ అనే మరో యాంటీబాడీ పరీక్ష కూడా పాజిటివ్‌గా వస్తే, బయాప్సీ లేకుండానే నిర్ధారించవచ్చని ఐరోపా పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. నిపుణులు తల్లిదండ్రులతో మాట్లాడి తీసుకోవాల్సిన నిర్ణయం అది. అంతకు తక్కువ ఉంటే మాత్రం బయాప్సీకి నేను కాదనను.

మొత్తం ఐజీఏ (ఆ రకం యాంటీబాడీలన్నీ కలిపి ఎన్ని ఉన్నాయో) కూడా చూశారా? అది లోపించిన పిల్లల్లో టీటీజీ ఐజీఏ మామూలుగా కనిపించి మోసం చేస్తుంది. మీ పాపకు ఆ అనుమానం లేదు, చదివే మిగతావారి కోసం చెబుతున్నాను.

నీటిచుక్క:
అయినా బయాప్సీయే మేలంటాను. బార్లీ, రై ధాన్యాలు కూడా కలిపి జీవితాంతం మానాల్సిన ఆహారం ఇది. రక్తపరీక్ష కిట్లన్నీ ఒకేలా కొలవవు.

వెన్నెలమెట్లు:
జీవితాంతం అన్న మాట నిజం, అందుకే ఆ రెండో నమూనా. కానీ బయాప్సీ కూడా తిరుగులేనిది కాదు. పేగు అక్కడక్కడా మాత్రమే దెబ్బతిని ఉండవచ్చు, అందుకే ఒక్కచోట కాక చాలాచోట్ల ముక్కలు తీస్తారు.

చిగురు:
ఈఎంఏ గురించి ఎవరూ చెప్పలేదు. సోమవారం అడుగుతాను. అంతవరకు గోధుమలు ఆపను, కష్టంగానే ఉన్నా. మా పెద్దవాడు, బాబుకు ఆరేళ్లు, ఏ బాధా లేదు. వాడికీ చేయించాలా?

వెన్నెలమెట్లు:
పాపకు ఖాయమైతే చేయించండి. తోబుట్టువుల్లో ఏ లక్షణమూ లేకుండా కూడా ఉంటుంది. మీ ఇద్దరూ చేయించుకోండి.